పాత మారుతి 800 హెడ్ గ్యాస్కెట్ పని ఇంట్లో చేసుకోవచ్చా?

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను, తరువాత చదివేవారికీ తెలుస్తుంది. మీరు ఒంగోలులో ఉంటారు. నాన్నగారి 1997 మోడల్ మారుతి 800, కార్బరేటర్ బండి, ఇంట్లో ఉంది. నెల్లూరు వెళుతుంటే సింగరాయకొండ దాటాక వేడి ముల్లు ఎర్రగీత దాకా లేచింది. దారి పొడవునా నీళ్ళు పోసుకుంటూ ఇల్లు చేరారు. అప్పటినుంచి ఉదయం స్టార్టు చేయగానే తెల్లటి పొగ, రేడియేటర్లో బుడగలు. ఒక షెడ్డులో చూపిస్తే ‘ఇంజను మొత్తం దించాలి, బోరు పని (సిలిండర్ లోపలి గోడ కోసి సరిచేయడం) చేయాలి’ అన్నారు. వారు చెప్పిన ఖర్చు కారును అమ్మినా రాదు. మీకు స్పానర్లు పట్టడం తెలుసు, బైకు ఇంజను విప్పి బిగించిన అనుభవం ఉంది. ఈ పని మీరే చేసుకోగలరా అన్నది ప్రశ్న.

చేసుకోగలరు. నెల్లూరులో షెడ్డు నడిపినవాడిగా, ఈ ఇంజను మీదే ఎక్కువ కాలం చేతులు పెట్టినవాడిగా చెబుతున్నాను: సొంతంగా ఇంజను పని నేర్చుకోవాలనుకునేవారికి దీనికన్నా మంచి బండి మన రోడ్ల మీద లేదు. 796 సీసీ, మూడు సిలిండర్లు, సిలిండరుకు రెండే వాల్వులు, పైన ఒకే క్యామ్ షాఫ్టు. బానెట్ ఎత్తితే ప్రతి బోల్టు దగ్గరకూ చెయ్యి వెళుతుంది. 1983 చివరి నుంచి 2014 ఆరంభం దాకా పాతిక లక్షలకు పైగా తయారైన బండి కాబట్టి విడిభాగాలకూ కరువు లేదు. అయితే ఒక్క సంగతి ముందే ఒప్పుకోవాలి. ఈ పనిలో విప్పడం చిన్న భాగం, బిగించడం ఇంకొంచెం పెద్ద భాగం, అసలు పనంతా కొలవడంలో ఉంది. కొలవకుండా బిగించిన ఇంజను మళ్ళీ విప్పవలసి వస్తుంది.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. హెడ్ గ్యాస్కెట్, అంటే సిలిండర్ల బ్లాకుకూ దాని మీద మూతలా కూర్చునే హెడ్‌కూ మధ్య బిగించే పల్చటి పొర, సాధారణంగా తనంతట తాను పోదు. ఇంజను వేడెక్కింది కాబట్టి పోయింది. ఎందుకు వేడెక్కిందో తేల్చకుండా కొత్త గ్యాస్కెట్ వేసి, హెడ్ బిగించి, సంతోషంగా రోడ్డెక్కితే వచ్చే ఎండాకాలంలో అదే సింగరాయకొండ దగ్గర అదే ముల్లు మళ్ళీ లేస్తుంది. మా షెడ్డుకు వచ్చిన ఇలాంటి బండ్లలో చాలావాటికి అంతకుముందు ఎక్కడో ఒకచోట గ్యాస్కెట్ మార్చే ఉండేవారు. గ్యాస్కెట్ కొత్తదే, రేడియేటర్ మాత్రం పాతదే.

విప్పకముందు చేయవలసింది

స్పానర్ పట్టకముందు జబ్బు ఏమిటో నిర్ధారించుకోండి. మీ షెడ్డువారు చెప్పిన ‘బోరు పని’ అవసరమో కాదో ఇక్కడే తేలిపోతుంది.

రాత్రంతా ఆగిన ఇంజను మీద, రేడియేటర్ మూత తీసి, నీళ్ళు అంచుదాకా నింపి స్టార్టు చేయండి. వేడి ఇంజను మీద ఆ మూత ఎప్పుడూ తీయవద్దు, ముఖం కాలిపోతుంది. కొత్తగా నీళ్ళు పోసినప్పుడు లోపల చిక్కుకున్న గాలి కొన్ని బుడగలుగా వచ్చి ఆగిపోతుంది, దానికి కంగారు పడనక్కరలేదు. ఆగకుండా వస్తూ, యాక్సిలరేటర్ పెంచినకొద్దీ ఎక్కువవుతుంటే అది సిలిండర్లోని మంట గాలి నీటి దారిలోకి వస్తున్నట్టే. తరువాత ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్ళు కలిశాయి, ఇక ఇంజను స్టార్టు చేయవద్దు. ఆ ఆయిల్‌తో తిరిగితే బేరింగులు పోతాయి. ఆయిల్ పోసే మూత కింద మాత్రమే కొంచెం తెల్లటి నురగ ఉండి, డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉంటే దాన్నే సాక్ష్యంగా తీసుకోవద్దు. వానాకాలంలో బజారు దాకా వెళ్ళివచ్చే బండ్లలో అది మామూలే.

ఇప్పుడు కంప్రెషన్ పరీక్ష, అంటే పిస్టన్ నొక్కినప్పుడు సిలిండర్లో ఎంత పీడనం నిలుస్తోందో కొలవడం. గేజి కొనండి, పెద్ద ధర కాదు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉంటేనే ఇది చేయాలి. ఇంజను కొంచెం వేడి చేసి, మూడు స్పార్కు ప్లగ్గులూ తీసి, ఇగ్నిషన్ కాయిల్ వైరు ఊడదీసి, ఇంకొకరిని కూర్చోబెట్టి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కించి స్టార్టర్ తిప్పించండి. బ్యాటరీ నిండుగా చార్జి అయి ఉండాలి. ముల్లు ఇక పెరగదు అన్నదాకా తిప్పి, అంకె రాసుకోండి. మూడింటికీ అలాగే. తరువాత ప్రతి సిలిండర్లోనూ ప్లగ్గు కన్నంలోంచి ఒక చెంచా ఇంజను ఆయిల్ పోసి మళ్ళీ కొలవండి.

ఆరోగ్యంగా ఉన్న పెట్రోలు ఇంజను 150 పీఎస్ఐకి (చదరపు అంగుళానికి పౌన్లు, గేజి మీద ఉండే కొలత) పైనే చూపిస్తుంది. అంకె ఎంత అన్నదానికన్నా మూడింటి మధ్య తేడా ముఖ్యం. ఎక్కువ చూపినదానికీ తక్కువ చూపినదానికీ మధ్య 10–15 శాతం మించి తేడా ఉంటే ఆలోచించాలి. ఆయిల్ పోశాక అంకె బాగా పెరిగితే రింగులు, బోరు అరిగాయి. పెరగకపోతే లోపం వాల్వులలోనో గ్యాస్కెట్‌లోనో ఉంది. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి పడిపోయి, ఆయిల్‌కు కూడా లేవకపోతే ఆ రెండింటి మధ్య గ్యాస్కెట్ కాలిపోయిందని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు.

పొగ కూడా సాక్ష్యమే. తెల్లది నీళ్ళు, నీలం ఆయిల్. ఉదయం స్టార్టు చేసిన మొదటి నిమిషంలోనో, వేగంలో కాలు తీసి మళ్ళీ తొక్కినప్పుడో మాత్రమే నీలం పొగ వస్తే వాల్వ్ సీళ్ళు. ఎత్తు ఎక్కేటప్పుడు, యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ వస్తే రింగులు. మీరు నీలం పొగ మాటే రాయలేదు. అందుకే ఇంజను దించవలసిన అవసరం లేకపోవచ్చని నా అభిప్రాయం. ఈ బండిలో హెడ్ పని బ్లాకును చోటు కదల్చకుండానే చేయవచ్చు. కంప్రెషన్ బాగున్న బోరును ‘ఎలాగూ విప్పాం కదా’ అని ముట్టుకోవడం డబ్బు దండగ, కుదురుకున్న ఇంజనుకు అన్యాయం కూడా.

సరంజామా, చోటు, కాలం

ముందుగా ఈ మోడల్ వర్క్‌షాపు మాన్యువల్ సంపాదించండి. హెడ్ బోల్టులు ఎంత బిగించాలి, ఏ వరుసలో బిగించాలి, ట్యాపెట్ గ్యాపు (వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య వదలవలసిన సందు) ఎంత అన్న అంకెలు నేను ఇక్కడ కావాలనే రాయడం లేదు. అవి మీ చేతిలోని మాన్యువల్ నుంచే రావాలి. వీడియోలో ఎవరో చెప్పిన అంకెతో బోల్టు బిగించవద్దు. 2000 ప్రాంతంలో ఇదే బండి ఎంపీఎఫ్ఐగా (కార్బరేటర్‌కు బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే పద్ధతికి) మారింది, రెండింటి మధ్య చాలా తేడాలున్నాయి. మాన్యువల్ కార్బరేటర్ మోడల్‌దేనా అని చూసుకోండి. టార్కు, అంటే బోల్టును తిప్పే బలం, కొన్నిచోట్ల కేజీ మీటర్లలో, కొన్నిచోట్ల న్యూటన్ మీటర్లలో ఉంటుంది. ఒక కేజీ మీటరు 9.8 న్యూటన్ మీటర్లు. మీ రెంచి మీద ఏ కొలత ఉందో చూడకుండా బిగిస్తే బోల్టు తెగి బ్లాకులోనే ఉండిపోతుంది.

టార్కు రెంచి, ఫీలర్ గేజి, సరళంగా ఉన్న ఉక్కు స్ట్రెయిట్ ఎడ్జి, కంప్రెషన్ గేజి. ఈ నాలుగూ లేకుండా మొదలుపెట్టవద్దు. టార్కు రెంచి కొనలేకపోతే అద్దెకో, తెలిసిన షెడ్డు నుంచో తెచ్చుకోండి, చేతి అంచనాతో మాత్రం వద్దు. అనుభవం ఉన్న మేస్త్రీలు చేత్తో బిగిస్తారు నిజమే, కాని అల్యూమినియం హెడ్ మీద నేను వారిని కూడా ఒప్పుకోను.

కారును జాకీ మీద మాత్రమే ఎత్తి కిందికి దూరవద్దు. జాకీ స్టాండ్లు పెట్టండి. సిమెంటు ఇటుకలు, గ్రానైటు ముక్కలు పెట్టి పని చేసేవారిని మన వైపు చాలామందిని చూశాను. ఇటుక ముందుగా ఏ హెచ్చరికా లేకుండా ఒక్కసారిగా పగులుతుంది, రాయి నున్నగా ఉంటే జారుతుంది.

గ్రానైటు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. చీమకుర్తి పాలిష్ పలక అద్దంలా ఉంటుంది, దాని మీద ఎమిరీ పేపరు పరిచి హెడ్‌ను రుద్దితే సమం అవుతుందని సలహా ఇచ్చేవారు మీకు తప్పకుండా తగులుతారు. కొలతల గదుల్లో వాడే గ్రానైటు పలకలు ప్రత్యేకంగా సానపట్టి, కొలిచి, ధ్రువీకరించినవి. వంటగదికి కోసిన పలకకు మెరుపు ఉంటుంది, సమతలం ఉంటుందన్న హామీ లేదు. గ్యాస్కెట్ ముద్రలు తుడవడానికైనా సరే, హెడ్‌ను దాని మీద రుద్దవద్దు.

కాలం కూడా చూసుకోవాలి. మన రెండు జిల్లాలకూ అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పుడు రేకుల షెడ్డు కింద హెడ్ విప్పి పెడితే తేమకు బోరు గోడల మీద ఒక్క రాత్రిలో తుప్పు పొర వస్తుంది. రోహిణి కార్తెలో చెమట బొట్టు బోరులో పడుతుంది, ఓపిక పోతుంది, తొందరపాటు వస్తుంది. సంక్రాంతి దాటాక జనవరి, ఫిబ్రవరి మంచివి. ఒంగోలుకు సముద్రం ఎంతో దూరం లేదు, ఉప్పుగాలి వస్తుంది కాబట్టి ఏ కాలంలోనైనా విప్పిన బోరుకు పలుచగా ఆయిల్ పూసి, ఉతికిన నూలుగుడ్డ కప్పి ఉంచండి. లేతు షాపులో హెడ్ ఉండే రోజులు కలుపుకుని రెండు వారాలు కారు కదలదనుకుని మొదలుపెట్టండి.

విప్పడం

బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ముందు తీయాలి. కూలెంట్ దించేటప్పుడు బకెట్‌లో పట్టండి. దానిలోని గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు, దూడలు నాకుతాయి, ప్రాణం పోతుంది. మురుగు కాలువలో పారబోస్తే అది చెరువుకో రొయ్యల గుంటకో చేరుతుంది. పాత ఆయిల్ కూడా డబ్బాలో పోసి, పాత ఆయిల్ కొనేవారికి ఇవ్వండి.

తీసే ప్రతి గొట్టానికీ, వైరుకూ కాగితం చీటీ కట్టండి, ఫొటో తీయండి. కార్బరేటర్ చుట్టూ ఉన్న సన్నటి వ్యాక్యూమ్ గొట్టాలు ఒకదానికొకటి పోలికగా ఉంటాయి, వారం తరువాత ఏది ఎక్కడిదో గుర్తుండదు. ఒక అట్టముక్క మీద హెడ్ బొమ్మ గీసి, బోల్టుల చోట్ల కన్నాలు పెట్టి, ఏ బోల్టు ఆ కన్నంలో గుచ్చండి. మొదటి సిలిండరును టాప్ డెడ్ సెంటర్‌కు (పిస్టన్ అన్నిటికన్నా పైకి వచ్చే స్థానానికి) తెచ్చి, టైమింగ్ గుర్తులు కలిశాయని చూసి, డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వరుసగా కరెంటు పంచే భాగం) రోటర్ ఎటు చూస్తోందో, డిస్ట్రిబ్యూటర్ ఒళ్ళు ఏ స్థానంలో ఉందో గుర్తు పెట్టి, అప్పుడు బెల్టు తీయండి.

ఎగ్జాస్టు మేనిఫోల్డు స్టడ్లు మిమ్మల్ని ఏడిపించేవి. ఇరవై ఏళ్ళు పైబడిన వేడి, ఉప్పుగాలి కలిసి వాటిని పట్టేసి ఉంటాయి. తీయడానికి రెండు రోజుల ముందునుంచే తుప్పు వదిలించే నూనె పోస్తూ ఉండండి. స్పానర్‌కు పైపు తగిలించి ఒకే వైపు లాగవద్దు. కొంచెం బిగించి, కొంచెం వదిలి, మళ్ళీ కొంచెం బిగించి, అలా కదిలిస్తే వస్తుంది. రాకపోతే అక్కడ ఆపి, గ్యాస్ మంట ఉన్నవారిని పిలవండి. తెగిన స్టడ్డును డ్రిల్ చేసి తీయడం కన్నా అది చౌక.

హెడ్ బోల్టులు ఇంజను పూర్తిగా చల్లారాక మాత్రమే, చివరల నుంచి మధ్యకు, రెండు మూడు విడతలుగా వదులు చేయాలి. ఒకవైపు ముందే తీసేస్తే హెడ్ వంగుతుంది. బోల్టులన్నీ తీశాక హెడ్ అతుక్కుని ఉంటే రెండు ముఖాల మధ్య స్క్రూడ్రైవరు దూర్చవద్దు, అక్కడ పడిన గీతే రేపు నీళ్ళకు దారి. రబ్బరు సుత్తితో పక్కల తట్టి, పోర్టుల దగ్గర పట్టుకుని కదపండి.

హెడ్ లేచాక వెంటనే తుడవవద్దు. వెలుతురు పెట్టి చూడండి, ఇంజను తన కథ అంతా అక్కడ రాసిపెట్టి ఉంటుంది. మూడు పిస్టన్ల తలలూ చూడండి. రెండు మసిపట్టి నల్లగా ఉండి, ఒకటి మాత్రం కడిగినట్టు మెరుస్తుంటే నీళ్ళు ఆ సిలిండర్లోకే వస్తున్నాయి. ఆ ఆవిరే దాని మసిని శుభ్రం చేసింది. గ్యాస్కెట్‌ను వెలుతురుకు ఎత్తి, సిలిండర్ల చుట్టూ ఉన్న లోహపు ఉంగరాన్ని వేలితో తడిమి చూడండి. రెండు ఉంగరాల మధ్య సన్నటి చోట నల్లటి గీత అడ్డంగా పోయి ఉంటే, లేదా ఉంగరం నుంచి నీటి కన్నం దాకా కాలిన జాడ ఉంటే దారి దొరికినట్టే. హెడ్ మీద అదే స్థానాన్ని మార్కరుతో గుర్తు పెట్టండి. కొలిచేటప్పుడు ముందు అక్కడే చూడాలి.

పాత గ్యాస్కెట్ ముక్కలు గీకేటప్పుడు ఒక జాగ్రత్త. ఆ కాలపు గ్యాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. పొడిగా గీకి, ఊది, దుమ్ము పీల్చవద్దు. తడిపి, ప్లాస్టిక్ గీకుడుతో మెల్లగా తీయండి. మాస్కు పెట్టుకోండి. గ్రైండర్‌కు తగిలించే వైరు బ్రష్షు హెడ్ మీద అసలు వాడవద్దు, అల్యూమినియం గుంటలు పడుతుంది.

కొలవడం

హెడ్ అల్యూమినియం, బ్లాకు పోత ఇనుము. అంతే వేడికి అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. కింద ఇనుము పట్టుకుని ఉంటుంది, చుట్టూ బోల్టులు బిగించి ఉంటాయి, పెరగడానికి చోటు లేక హెడ్ మధ్యలో ఉబ్బుతుంది. చల్లారాక పూర్తిగా వెనక్కు రాదు. హెడ్ వంపు అంటే ఇదే.

హెడ్ ముఖాన్ని శుభ్రం చేసి, స్ట్రెయిట్ ఎడ్జిని నిలువుగా అంచు మీద నిలబెట్టండి. పొడవునా రెండు అంచుల మీద, అడ్డంగా రెండు చివర్ల, మూలనుంచి మూలకు రెండు వైపులా. ప్రతిచోటా 0.05 మి.మీ. ఫీలర్ ఆకు కింద దూరుతుందేమో చూడండి. ఆ ఆకు సిగరెట్టు పెట్టెలోని రేకులాంటి పల్చన, వంగిపోతుంది, నెట్టవద్దు. దూరితే హెడ్ ఫేసింగుకు (లేతు షాపులో ముఖాన్ని సమంగా కోయించడానికి) వెళ్ళవలసిందే. 0.10 ఆకు కూడా సులువుగా దూరుతుంటే లేతు షాపువారికి ఆ మాట ముందే చెప్పండి, ఎంత తీయాలో, తీస్తే మిగిలేది చాలుతుందో వారు చూస్తారు. బ్లాకు పైముఖాన్ని కూడా ఇలాగే కొలవండి. చాలామంది హెడ్ కొలిచి బ్లాకును వదిలేస్తారు.

మీ విషయంలో పగుళ్ళ పరీక్ష తప్పనిసరి. కాగే ఇంజనులో చల్లనీళ్ళు పోశారని రాశారు. దారిలో అందరూ చేసే పనే, కాని వాల్వు సీట్ల మధ్య సన్నటి వంతెన లాంటి చోట పగుళ్ళు అలాగే వస్తాయి, కంటికి కనపడవు. హెడ్‌ను గాలి పీడనంతో నీళ్ళలో ముంచి చూసే షాపుకే ఇవ్వండి. పరీక్ష చేయకుండా ఫేసింగు చేస్తే పగిలిన హెడ్‌ను సానపట్టినట్టే.

వాల్వుల పని కొంత మీరే చేసుకోవచ్చు. స్ప్రింగులు తీసి, ప్రతి వాల్వూ తన సీటుకే వెళ్ళేలా గుర్తు పెట్టి, ల్యాపింగ్ పేస్టు రాసి, రబ్బరు కప్పు ఉన్న కర్రను అరచేతుల మధ్య తిప్పుతూ రుద్దండి. సీటు చుట్టూ, వాల్వు ముఖం చుట్టూ తెగకుండా, ఒకే వెడల్పున బూడిదరంగు గీత రావాలి. పేస్టు చుక్క కూడా మిగలకుండా కడిగి, వాల్వులు బిగించి, ప్లగ్గులు పెట్టి, హెడ్‌ను తిరగేసి గదులలో కిరోసిన్ పోయండి. దొరకకపోతే డీజిల్ పోయండి. కొంతసేపు ఆగి పోర్టుల్లోకి వేలు పెట్టి చూడండి. తడి తగలకపోతే వాల్వులు పట్టాయి. గీత ఎక్కడైనా తెగినా, సీటు గుంటలు పడినా, వాల్వు గైడులో ఊగినా అది ఇక చేతి పని కాదు, సీటు కటింగు, గైడుల మార్పు లేతు షాపువే. వాల్వ్ సీళ్ళు మాత్రం ఎలా ఉన్నా మార్చేయండి.

బోరు గురించి కొంచెమే చెబుతాను, మీకు అవసరం పడదని ఆశ. అరుగుదల ఎప్పుడూ పైన, రింగు పైకి వెళ్ళి వెనక్కు మళ్ళే చోట ఎక్కువ. అక్కడ వేలిగోరుకు స్పష్టంగా తగిలే మెట్టు ఉంటే కొత్త రింగులు మాత్రమే వేసి లాభం లేదు. బోరింగు చేయించవలసి వస్తే ఓవర్‌సైజు పిస్టన్లు ముందు కొని లేతు షాపుకు ఇవ్వాలి. వారు ఒక్కో పిస్టన్‌ను కొలిచి దానికి సరిపడా ఒక్కో బోరు చేస్తారు. ముందు బోరు చేయించి తరువాత పిస్టన్లు వెతికేవారు రెండుసార్లు ఖర్చు పెడతారు.

విడిభాగాలు నెల్లూరు, ఒంగోలులోనే దొరుకుతాయి. దొరకనివి విజయవాడ ఆటోనగర్‌లోనో చెన్నై జీపీ రోడ్డులోనో దొరుకుతాయి. ఎక్కడ కొన్నా హెడ్ గ్యాస్కెట్ విషయంలో పొదుపు చేయవద్దు. కొత్తదాన్ని పాతదాని మీద పెట్టి ప్రతి కన్నమూ సరిపోతోందని చూడండి. నకిలీవాటిలో నీటి కన్నం ఒకటి మూసుకుపోయి ఉండడం నేను చూశాను.

వేడికి అసలు కారణం

హెడ్ లేతు షాపులో ఉన్న రోజుల్లో ఇది చేయండి. కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు బోరు నీళ్ళంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది. రేడియేటర్‌కు కీడు చేసేవి గట్టినీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. ఆ నీళ్ళు కాచిన గిన్నె అడుగున పట్టే తెల్లటి పొరే రేడియేటర్ గొట్టాల్లోనూ, బ్లాకు లోపలి నీటి దారుల్లోనూ పడుతుంది. గొట్టాలు సన్నవి, కొన్నేళ్ళకు సగం మూసుకుపోతాయి. ఊళ్ళో తిరిగినంతకాలం తెలియదు. జాతీయ రహదారి మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంతో, మే నెల ఎండలో ఆ సగం రేడియేటర్ చాలదు. రేడియేటర్‌ను విప్పి రాడ్డింగు (గొట్టాల్లో సన్నటి కడ్డీ దూర్చి శుభ్రం చేయడం) చేయించండి లేదా కొత్తది వేయండి. పక్క పలకలు తీసి చూసినప్పుడు గొట్టాల మూతుల దగ్గర సున్నం కనపడితే మీ బండి జబ్బు ఇదేనని అర్థం.

థర్మోస్టాట్, అంటే ఇంజను వేడెక్కేదాకా రేడియేటర్‌కు నీటి దారి మూసి ఉంచే చిన్న కవాటం, గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. ‘మన ఎండలకు అది అక్కరలేదు, తీసి పారేయండి’ అనే సలహా మన జిల్లాల్లో తాతల కాలం నుంచీ ఉంది. అది తప్పు. ఇంజను పని చేయవలసిన వేడి ఒకటుంది, థర్మోస్టాట్ సుమారు 82 డిగ్రీల దగ్గర తెరుచుకుని ఆ వేడిని నిలబెడుతుంది. అది లేని ఇంజను మామూలు రోజుల్లో చల్లగా తిరుగుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, పూర్తిగా మండని పెట్రోలు ఆయిల్‌లోకి దిగుతుంది, రింగులు త్వరగా అరుగుతాయి. రేడియేటర్ మూసుకుపోయిన బండికి థర్మోస్టాట్ తీస్తే రోగం దాగుతుందే కాని పోదు. మీ బండిలో ఉందో లేదో చూడండి. ఉంటే వేడినీళ్ళలో వేసి తెరుచుకుంటోందా చూడండి. లేకపోతే కొత్తది పెట్టండి.

రేడియేటర్ మూత చిన్న వస్తువే, కాని అది పీడనం పట్టి ఉంచితేనే నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరగకుండా ఉంటాయి. మంచి మూత చదరపు సెంటీమీటరుకు 0.9 కేజీల పీడనం నిలిపితే మరిగే వేడి 118 డిగ్రీల దాకా వెళుతుంది. రబ్బరు గట్టిపడిన మూత ఆ రక్షణ అంతా తీసేస్తుంది. ఫ్యాను స్విచ్చు పనిచేస్తోందా, వాటర్ పంపు ఇరుసు ఊగుతోందా చూడండి; బండి మళ్ళీ స్టార్టయ్యాక పంపు నీళ్ళు లాగుతుంటే రేడియేటర్ కింది గొట్టం చప్పబడుతోందా కూడా చూడండి. వాటర్ పంపు, టైమింగ్ బెల్టు, టెన్షనర్ మూడూ ఇప్పుడే మార్చండి, వాటికోసం మళ్ళీ విప్పనక్కరలేకుండా. ఇకమీదట బోరు నీళ్ళు పోయవద్దు. కలిపి అమ్మే కూలెంట్ గాని, కూలెంట్‌తో డిస్టిల్డ్ వాటర్ గాని.

బిగించడం, మొదటి స్టార్టు

బ్లాకులోని బోల్టు కన్నాల్లో నీళ్ళు, ఆయిల్ చుక్క కూడా ఉండకూడదు. గుడ్డి కన్నంలో (అడుగు మూసి ఉన్న కన్నంలో) ద్రవం ఉంటే బోల్టు దాన్ని నలపలేదు, టార్కు రెంచి టక్కుమంటుంది, హెడ్ మాత్రం బిగియదు. బలవంతం చేస్తే బ్లాకు పగులుతుంది. గ్యాస్కెట్ పొడిగా, పైకి ఉండవలసిన వైపు పైకి. మాన్యువల్ చెప్పకపోతే ఏ జిగురూ పూయవద్దు. బోల్టులు ఇప్పుడు మధ్యనుంచి చివరలకు, మూడు విడతలుగా.

బెల్టు వేశాక స్టార్టర్ ముట్టుకోకుండా, ప్లగ్గులు తీసి ఉంచి, క్రాంకు పుల్లీ బోల్టుకు స్పానర్ పెట్టి ఇంజను తిరిగే దిశలోనే చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒకటి. గుర్తులు మళ్ళీ కలవాలి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలితే అక్కడే ఆపండి, బలం పెట్టవద్దు.

ట్యాపెట్లు శబ్దం రాకుండా బిగించేయాలని అనిపిస్తుంది. వద్దు. గ్యాపు లేని ఎగ్జాస్టు వాల్వు వేడెక్కాక పూర్తిగా మూసుకోదు, మంట దాని అంచును కోసేస్తుంది. మాన్యువల్ చెప్పిన గ్యాపులో కాస్త టకటక వినపడితే అదే సరైన ఇంజను.

కొత్త ఆయిల్, ఫిల్టరు వేసి, కాయిల్ వైరు తీసి, ఆయిల్ దీపం ఆరేదాకా స్టార్టర్ తిప్పి, అప్పుడు వైరు పెట్టి స్టార్టు చేయండి. హీటర్ తెరిచి ఉంచండి, గాలి బయటికి పోతుంది. ఫ్యాను తనంతట తాను తిరిగి ఆగేదాకా బండి పక్కనే నిలబడండి. మరునాడు చల్లటి ఇంజను మీద నీటి మట్టం చూసి నింపండి. కొన్ని వందల కిలోమీటర్లకు ఆయిల్ మళ్ళీ మార్చండి, లోపల కలిసిన నీటి తేమ, పేస్టు రవ్వలు ఏవైనా ఉంటే దానితో పోతాయి.

చివరగా, ‘పాత ఇంజను ఒకటి తెచ్చి వేసుకుంటే సరి’ అన్న మాట మీకు ఎవరైనా చెబితే తొందరపడవద్దు. ఇంజను నంబరు బ్లాకు మీద ఉంటుంది. బ్లాకు మారిస్తే రవాణా శాఖకు తెలిపి ఆర్‌సీలో కొత్త నంబరు నమోదు చేయించాలి. 15 ఏళ్ళు దాటిన సొంత కార్లకు ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ ఉంటుంది, ఆ తనిఖీలో నంబరు సరిపోకపోతే నాన్నగారి కారు కాగితాలే చిక్కులో పడతాయి. హెడ్ మార్చినా ఆ ఇబ్బంది లేదు, అందుకే పగిలిన హెడ్‌కు బదులు మరో మంచి హెడ్ వెతుక్కోవచ్చు.

ముందు కంప్రెషన్ చూడండి. మూడు సిలిండర్ల అంకెలూ, ఆయిల్ పోయకముందువీ పోసిన తరువాతవీ, ఆయిల్ రంగు ఫొటోతో సహా ఇక్కడే రాయండి. హెడ్ ఒక్కటే దించాలా, కిందికి కూడా వెళ్ళాలా అన్నది వాటిని చూసి చెబుతాను.